ఎల్లప్ప ఫొటోలో మా తలుపు

మొఘల్‌పురా, హైదరాబాదు
20 ఆగస్టు 2024

నీడపట్టు హౌసింగ్ ఫైనాన్స్ అధికారి బి. జోయెల్ గారికి, మొఘల్‌పురా పెద్ద దర్వాజ గల్లీ నుంచి రంగనాథ్ నమస్కరించి రాసే విషయం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి మీ కుశలం ఒక్కటే కోరుతున్నాను. మా కుశలం మీరు తాళం వేసి సీలు పెట్టిన ఇంట్లో ఉండిపోయింది.

నేను అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో ముప్పై ఏళ్లుగా చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. నిన్న రాఖీ పండుగ. మా ఆవిడ రమాబాయి తన తమ్ముడికి రాఖీ కట్టాలంటే అందరం సంగారెడ్డి వెళ్లాం. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా తలుపుకు మా తాళం పక్కనే మీ తాళం, దాని మీద ఎర్ర లక్క, పక్కన ఒక ఇంగ్లీషు కాగితం. ఆ కాగితంలో ఎల్లప్ప అనే పేరు ఉంది. ఇంటి మీద తీసుకున్న అప్పు కట్టలేదు కనుక ఇల్లు స్వాధీనం చేసుకున్నామని, సెప్టెంబరు 27న వేలం వేస్తామని ఉంది.

మా గల్లీలో ఆ పేరు గల మనిషి ఒక్కడే ఉండేవాడు. మా ఇంటికి మూడో గుమ్మం వాడిది. కలిసి బడికి పోయాం, కలిసి బడి ఎగ్గొట్టాం. పోయిన డిసెంబరులో కాలం చేశాడు. వాడు అప్పు తీసుకున్న సంగతి నాకు తెలియదు. నేనైతే మీ ఆఫీసు మెట్లు ఎన్నడూ ఎక్కలేదు. ఈ ఇల్లు మా తాత నాటిది. ఇది తప్ప మాకు నీడ లేదు.

ఇల్లు నాదని చెప్పే దస్తావేజు బీరువాలో ఉంది. బీరువా ఇంట్లో ఉంది. ఇల్లు మీ తాళంలో ఉంది. దయచేసి తాళం తీయిస్తే దస్తావేజు చూపిస్తాను.

ఇట్లు
మీ విధేయుడు
రంగనాథ్
(ప్రస్తుత చిరునామా: ఎల్లప్ప భార్య చంద్రమ్మ గారి ఇల్లు, అదే గల్లీ)

తా.క.: వంటింట్లో ఇడ్లీ పిండి రుబ్బి పెట్టిన గిన్నె ఉంది. ఎండలు బాగా ఉన్నాయి. మూడో రోజుకు అది దానంతట అదే బయటికి వస్తుంది, అప్పుడు మీ సీలు సంగతి నేను పూచీ పడలేను.

*

నీడపట్టు హౌసింగ్ ఫైనాన్స్
వసూళ్ల విభాగం, అబిడ్స్ శాఖ
27 ఆగస్టు 2024

శ్రీ ఎల్లప్ప అలియాస్ రంగనాథ్ గారికి,

మీ లేఖ అందింది.

1. రుణగ్రహీత మరణించారని రాశారు. అదే లేఖలో రుణగ్రహీత భార్య ఇంట్లో ఉంటున్నామని రాశారు. కావున మీరు రుణగ్రహీత అయినా, వారి వారసులైనా అయి ఉండాలని మా న్యాయ విభాగం అభిప్రాయం.

2. జూన్ 10న అరవై రోజుల గడువుతో నోటీసు సదరు తలుపుకు అంటించాం. అంటించినట్టు ఫొటో ఉంది.

3. మీ గల్లీలో ఏ ఇంటికీ నంబరు పలక లేదు. అందువల్ల ఫైలులోని ఫొటో ఆధారంగా ఇంటిని గుర్తించాం. 2018లో మా మదింపుదారు తీసిన ఆ ఫొటోలో రుణగ్రహీత సదరు తలుపు ముందే నిలబడి ఉన్నారు. నకలు జతచేశాం.

4. దస్తావేజు చూపించిన వెంటనే తాళం తీయించగలం.

ఇట్లు
బి. జోయెల్
అధీకృత అధికారి

తా.క.: స్వాధీనం నాటి చరాస్తుల జాబితాలో ఇడ్లీ పిండి లేదు. మీ లేఖ ఆధారంగా చేర్చాం. పరిమాణం తెలియజేయగలరు.

*

మొఘల్‌పురా
31 ఆగస్టు 2024

జోయెల్ గారికి, రంగనాథ్ అలియాస్ రంగనాథ్ నమస్కారాలు.

ఫొటో చూశాను. చాలాసేపు చూశాను. ఎల్లప్ప పోయాక వాడి కొత్త ఫొటో చూడడం ఇదే మొదటిసారి. వేసుకున్న గీతల చొక్కా నాది. ఫొటోలు దిగే రోజున వాడు నా చొక్కా అడిగి తీసుకోవడం పదో తరగతి నుంచి ఉన్నదే.

ఇప్పుడు ఆ తలుపు గురించి చెప్తాను. మీరు వేలం వేయబోయేది దాన్నే కనుక తెలుసుకోవాలి.

మా తాత రోజుల్లో దగ్గర్లో ఒక నవాబు గారి దేవిడి భవంతి పడగొట్టారు. కలప అమ్ముతుంటే మా తాత ఈ తలుపు కొన్నాడు. టేకు చెక్క, ఇత్తడి మొలలు, రెక్కల మీద చెక్కిన ద్రాక్ష గుత్తులు. ఏనుగు వెళ్లే తలుపు అది. తెచ్చి పెట్టింది రెండు గదుల ఇంటికి. ముందు తలుపు నిలబెట్టి, మిగిలిన చోట ఇల్లు కట్టాడని మా నాయనమ్మ దెప్పేది. నాకు సంబంధం ఖాయం చేయడానికి వచ్చినప్పుడు మా మామగారు తలుపు చూసి వీధిలోనే ఒప్పుకున్నారు. లోపలికి వచ్చి నాలుగడుగులు వేసి పెరట్లో తేలాక, ఇల్లు ఎక్కడ అని అడిగారు. అప్పటికే మాట ఇచ్చేశారు పాపం.

ఆ తలుపు వల్లే మా గల్లీకి పెద్ద దర్వాజ గల్లీ అని పేరు. మిగతా అందరివీ రేకు తలుపులు, ప్లైవుడ్ తలుపులు. అందుకే మా గల్లీలో ఎవరు ఫొటో దిగినా దాని ముందే దిగుతారు. పెళ్లయితే అక్కడ, బండి కొంటే అక్కడ, పిల్ల పాసయితే అక్కడ. మా ఇంట్లోంచి ఎవరైనా బయటికి రావాలంటే ఒక్కోసారి ఫొటో అయ్యేదాకా లోపలే నిలబడాలి. రమాబాయి చేతిలో చీపురుతో ముగ్గురి పెళ్లి ఫొటోల్లో పడింది.

మీ మదింపుదారు ఫోను పైకెత్తి, ఇంటి ముందు నిలబడు అని ఉంటాడు. ఫొటో అనగానే మా వాళ్ల కాళ్లు ఆ తలుపు దగ్గరికే పోతాయి. ఎల్లప్ప మోసం చేయలేదు సార్. అలవాటు కొద్దీ వచ్చి నిలబడ్డాడు. వాడి ఇంటి రేకు తలుపు ముందు వాడి పెళ్లి ఫొటో కూడా దిగలేదు.

నమ్మకం కోసం పదకొండు ఫొటోలు పంపుతున్నాను. సోనీ, రామ్‌చందర్‌ల పెళ్లి. ఇశ్రాయేలు కొత్త స్కూటరు. లావణ్య వకీలు కోటు వేసుకున్న మొదటి రోజు. పదకొండోది పాతది, తలపాగాతో ఉన్నది మా తాత. ఫొటోలో ఉన్నవాళ్లదల్లా ఇల్లయితే, ఫొటోకొకరని లెక్కేసినా ఈ ఇల్లు పదకొండు మందిది.

మా అమ్మాయి శ్రీహిత డిగ్రీ చివరి సంవత్సరం. దాని పుస్తకాలు లోపల ఉన్నాయి. కాస్త త్వరగా చూడండి.

ఇట్లు
రంగనాథ్

తా.క.: మీ నోటీసు జూన్ 10న అంటించి ఉంటారు, కాదనను. గల్లీ పోస్టర్లన్నీ మా తలుపుకే అంటిస్తారు. బోనాల ఊరేగింపు పోస్టరు, దాని కింద ట్యూషన్ పోస్టరు, దాని కింద మొలల వైద్యం పోస్టరు తీశాక నిన్న మీ నోటీసు దొరికింది. ఒక మూల చిరిగింది. నేను అట్ట వేసి ఇస్తాను, ఖర్చు అక్కర్లేదు.

*

నీడపట్టు హౌసింగ్ ఫైనాన్స్
6 సెప్టెంబరు 2024

శ్రీ ఎల్లప్ప అలియాస్ రంగనాథ్ మరియు పదిమందికి,

మీ లేఖ, పదకొండు ఫొటోలు అందాయి.

సదరు ఇల్లు పదకొండు మందిదని మీరే లిఖితపూర్వకంగా తెలియజేసినందున, ఫొటోలలోని వారందరినీ సహ హక్కుదారులుగా పరిగణించి విడివిడిగా నోటీసులు పంపాం. ఫొటో వెనుక పేరు రాసి లేనందున చిత్రం 11లో తలపాగాతో ఉన్న వ్యక్తి పేరు తెలియలేదు. వారు ఏడు రోజుల్లో గుర్తింపు పత్రంతో స్వయంగా హాజరు కావాలి.

చిత్రం 4లోని తెల్ల స్కూటరు హామీ ఆస్తి ఆవరణలో ఉన్నట్టు కనిపిస్తున్నందున దానిని అమ్మరాదు, తరలించరాదు.

వేలం సెప్టెంబరు 27నే జరుగుతుంది. టేకు తలుపు వివరాలు తెలిపినందుకు కృతజ్ఞతలు. వేలం ప్రకటనలో చేర్చాం.

ఇట్లు
బి. జోయెల్
అధీకృత అధికారి

తా.క.: కాపలా మనిషి ఇంట్లోంచి వాసన వస్తోందని రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. ఇడ్లీ పిండి పరిమాణం ఇంకా తెలియజేయలేదు.

*

మొఘల్‌పురా
11 సెప్టెంబరు 2024

జోయెల్ గారికి,

నమస్కారం అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, అలవాటు.

పోస్ట్‌మ్యాన్ మొన్న ఒక కట్ట తెచ్చి గల్లీ మధ్యలో నిలబడ్డాడు. "చిత్రం పదకొండుల తలపాగా ఆయన ఏడ ఉంటడు సార్?" అని నన్ను అడిగాడు. పురానాపూల్ శ్మశానంలో యాభై ఏళ్లుగా ఉంటున్నాడని చెప్పాను. అతను కవరు మీద 'ఇల్లు మారినారు' అని రాసుకుని పోయాడు.

ఇశ్రాయేలు నోటీసు పట్టుకుని వచ్చాడు. "నగదు పెట్టి కొన్న స్కూటర్ అన్నా. పన్నెండేండ్లాయె. అమ్మి నాలుగేండ్లాయె. గిప్పుడు అమ్మొద్దంటడేంది గీ సారు?" అన్నాడు. సోనీ అత్తగారికి నోటీసు చూసి బీపీ పెరిగింది. పెళ్లి ఫొటో దిగినందుకు కోడలు ఇంటి మీద అప్పు తెచ్చిందని ఆమె అనుకుంది. రెండు రోజులు మస్తు లొల్లి అయింది.

వినాయకుడిది ఇంకో కథ. ధూల్‌పేట్ నుంచి విగ్రహం తెచ్చి పందిట్లో పెట్టారు. ఏటా పందిరికి కరెంటు మా ఇంటి నుంచే. ఈసారి స్వామి రెండు రోజులు దీపాల వెలుగులో కూర్చున్నాడు. మూడో రోజు చంద్రమ్మ తన ఇంటి నుంచి తీగ లాగించింది. ఆమె ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యాను. పందిట్లో లైట్లు వెలిగినంతసేపూ అది తిరగదు. మేం ముగ్గురం, ఆమె, నలుగురం విసనకర్రలతో కూర్చుని భజన వింటున్నాం.

ఆమె గురించి చెప్పాలి. ఉన్నది ఒకటిన్నర గది. గది మాకిచ్చి అరగదిలో తను పడుకుంటోంది. నేను మొహమాటపడితే, "ఊకో అన్నా. ఆయన ఉంటే మిమ్ముల ఇంకో ఇంటికి పోనిచ్చునా?" అంది. రోజూ పొద్దున పనికి పోయేటప్పుడు మా తలుపు ముందు ఆగుతాను. పుట్టినప్పటి నుంచి మేం ఊళ్లో ఉండగా ఆ తలుపు పగటిపూట మూసి ఉండడం ఎన్నడూ చూడలేదు. అంత బరువైన తలుపు ఎవరు మూస్తారు, ఎవరు తీస్తారని తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా తెరిచే ఉంచేవాళ్లం. చిన్నప్పుడు నేనూ ఎల్లప్పా ఆ రెక్క పట్టుకుని ఊగేవాళ్లం. అటు వాడు, ఇటు నేను. మా తాత కర్ర తీసుకుని వచ్చేవాడు కానీ ఎన్నడూ కొట్టలేదు. ఇప్పుడు నాకు యాభై ఆరు. తలుపు అవతల నిలబడి నా ఇంటి గడియారం కొట్టడం వింటే ఏడుపు వచ్చింది, దాచుకోవడం దేనికి.

మీరు నోటీసు పంపిన పదిమందీ నిన్న పందిట్లో కూర్చున్నారు. అందులో చిత్రం 6 లావణ్య. ఆ పిల్ల వకీలు అని ముందే రాశాను, మీరు ఫొటో చూసి ఊరుకున్నట్టున్నారు. "బాబాయ్, ఫికర్ చేయకు. నోటీసు సరిగ్గా ఇయ్యలే, ఇల్లు సరిగ్గా చూడలే, అప్పు తీసుకోనోళ్ల ఇంటికి తాళమేసిన్రు. గీ ఉత్తరాలే మనకు సాక్ష్యం" అంది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మా దస్తావేజు నకలు తెప్పించింది. పొద్దున రుణ వసూలు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసింది. దరఖాస్తుదారులు పదకొండు మంది. తాత పేరు తీసేసి నా పేరు చేర్చాం.

ఇట్లు
రంగనాథ్

తా.క.: ఇడ్లీ పిండి పరిమాణం రెండు శేర్లు. ఇప్పటికి ఎంత అయిందో నేను చెప్పలేను.

*

నీడపట్టు హౌసింగ్ ఫైనాన్స్
4 నవంబరు 2024

గౌరవనీయులైన శ్రీ రంగనాథ్ గారికి,

సెప్టెంబరులో వేలం ఆపిన ట్రిబ్యునల్ ఇప్పుడిచ్చిన తుది తీర్పు మీకు అందే ఉంటుంది. మీ ఇంటి స్వాధీనం చెల్లదని, తక్షణం తాళాలు అప్పగించాలని, మీకు లక్షన్నర రూపాయల నష్టపరిహారం, కోర్టు ఖర్చులు చెల్లించాలని ఆదేశించారు. విచారణలో ట్రిబ్యునల్ న్యాయాధికారి నన్ను, 'చిత్రం పదకొండు హాజరయ్యారా' అని అడిగారు. 'ఇల్లు మారినారు' అని తిరిగొచ్చిన కవరు చూపించాను.

తాళాలు ఇవ్వడానికి నేనే వచ్చాను కనుక ఆ సంగతులు రాయను. రమాబాయి గారు టీ ఇచ్చారు. దానికి నేను అర్హుణ్ని కాదు. సంస్థ తరఫున కాక నా తరఫున క్షమాపణ కోరుతున్నాను. ఫైలు చూసి సంతకం పెట్టాను. ఒక్కసారి గల్లీకి వచ్చి చూసి ఉంటే సరిపోయేది.

ఇక ఒక పని మిగిలింది. తీర్పు ప్రకారం అసలు హామీ ఆస్తికి, అంటే ఎల్లప్ప గారి ఇంటికి, మళ్లీ మొదటి నుంచి అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. ఈసారి పొరపాటు జరగకూడదు. మీ తలుపు నుంచి మూడో గుమ్మం వారిదేనని మీరు ఒక వాక్యం రాసి సంతకం చేస్తే చాలు. తీర్పులో చెప్పినట్టు రుణ ఫైలు పూర్తి నకలు మీకు పంపుతున్నాను.

పరిహారం చెక్కు మీ పేరున సిద్ధంగా ఉంది.

ఇట్లు
జోయెల్

తా.క.: చరాస్తుల జాబితా సరిచూసేటప్పుడు ఆ గిన్నె మూత నేనే తీశాను. రెండు రోజులు అన్నం తినలేదు. ఆ శిక్ష తీర్పులో లేదు, అయినా అనుభవించాను.

*

మొఘల్‌పురా
9 నవంబరు 2024

జోయెల్ గారికి, రంగనాథ్ నమస్కరించి రాసే విషయం.

ఉభయకుశలోపరి. ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. తలుపు తెరిచి ఉంది. శ్రీహిత గడప మీద కూర్చుని చదువుకుంటోంది. పొద్దున ఎవరో పిల్లవాణ్ని అన్నప్రాశన ఫొటోకు తెచ్చారు, రమాబాయి చీపురుతో సహా లోపలే ఆగింది.

మీ ఫైలు నిన్న చదివాను. పుస్తకాల పని కదా, మొదటి పేజీ నుంచి చదవడం అలవాటు. అప్పు నాలుగు లక్షలు. తీసుకున్న తేదీ 2018 ఏప్రిల్ 12. అక్కడే ఆగిపోయాను.

ఆ నెలలో శ్రీహితకు పద్నాలుగేళ్లు. గుండెలో రంధ్రం ఉందన్నారు, వెంటనే ఆపరేషన్ అన్నారు. నేను ఇల్లు తాకట్టు పెడదామని దస్తావేజు చంకలో పెట్టుకుని బయల్దేరాను. ఎల్లప్ప గల్లీ మొదట్లో ఎదురై ఆపాడు. "ఏడికిరా? తాత ఇచ్చిన ఇల్లు కుదువ పెడ్తవా? రెండు దినాలు ఆగు" అన్నాడు. మూడో రోజు ఒక గుడ్డ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందులో నాలుగు లక్షలున్నాయి. ఎక్కడివిరా అంటే, "చిట్టీ లేసింది. పైసలు ఊకెనే ఉన్నయి. మెల్లగ ఇయ్యి" అన్నాడు. ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తాకు నాలుగు లక్షల చిట్టీ ఎక్కడిదని నేను అడగలేదు. పిల్ల ప్రాణం మీద ఉంటే మనిషి ప్రశ్నలు అడగడు. అడగకపోవడం నాకు అనుకూలంగా కూడా ఉంది, నిజం చెప్పాలి కదా.

ప్రతి నెలా జీతం రాగానే వాడికి ఐదు వేలు ఇచ్చేవాణ్ని. వడ్డీ మాట ఎత్తితే తిట్టేవాడు. ఆ ఐదు వేలకు పైన తన జీతంలోంచి వేసి మీకు వాయిదా కట్టాడని ఇప్పుడు తెలిసింది. ఐదేళ్ల ఎనిమిది నెలలు, ఒక్క నెల తప్పలేదు. వాడు పోయాక జనవరిలో మిగిలిన బాకీ ఇవ్వబోతే చంద్రమ్మ, "గా చిట్టీ లెక్కలు నాకేం ఎరుక అన్నా. ఆయన పోయినంక పైసలెందుకు?" అని చేతులు వెనక్కి పెట్టుకుంది. నేనూ ఆపేశాను. 2024 జనవరి నుంచి వాయిదాలు ఆగాయని మీ ఫైలులో ఎర్ర సిరాతో ఉంది. ఎందుకు ఆగాయో మీకు తెలియదు. ఆపింది నేను.

కాబట్టి జోయెల్ గారూ, కోర్టులో నేను గెలిచాను, మీరు ఓడారు. కానీ మీ తాళం పడవలసిన తలుపుకే పడింది.

ఎల్లప్ప ఇల్లు ఏదో రాసి ఇవ్వమన్నారు. రాయను. ఆ అవసరం మీకు రాకుండా చేస్తాను. నా పరిహారం చెక్కు రద్దు చేసి ఆ మొత్తం వాడి ఖాతాలో జమ చేయండి. మిగిలిన బాకీకి నా పీఎఫ్ లోంచి తీసిన డీడీ జత చేశాను. రసీదు నా పేరున వద్దు, ఎల్లప్ప పేరున రాయండి. ఇంటి కాగితాలు చంద్రమ్మకు ఇవ్వండి. ఆమెకు ఏ నోటీసూ పంపవద్దు. తను ఉంటున్న ఇల్లు మీ దగ్గర తాకట్టులో ఉందని ఆమెకు ఇప్పటికీ తెలియదు, మీ ఇంగ్లీషు కాగితాల్లో ఎల్లప్ప పేరు ఉన్న సంగతి గల్లీలో ఎవరం ఆమెకు చెప్పలేదు. రెండున్నర నెలలు మాకు గది ఇచ్చి తను అరగదిలో పడుకుంది.

ఇట్లు
మీ రుణగ్రహీత
రంగనాథ్

తా.క.: ఇంటి కాగితాలు మీ ఆఫీసు నుంచి ఎందుకు వస్తాయని ఆమె తప్పకుండా అడుగుతుంది. ఎల్లప్ప మీ దగ్గర ఒక చిట్టీ వేశాడని, కాగితాలు దానికి పూచీగా పెట్టాడని, ఆ చిట్టీ ఇప్పుడు లేచిందని చెప్పాను. మీరూ అదే చెప్పండి. ఆమె నమ్మింది. ఆ రోజు నేనూ నమ్మాను.